అంగడి గుమాస్తాపై అనుమానము, విచారణ: ఒక చారిత్రక పరిశీలనము

తెలుగువారు స్వదేశము విడిచి దక్షిణమునకును పడమరకును వలసపోయిన చరిత్రను వ్రాసినవారు నాయకరాజులను గూర్చియు, దండనాయకులను గూర్చియు, పట్టు నేసిన నేతగాండ్రను గూర్చియు, సముద్రవర్తకము చేసిన సెట్లను గూర్చియు విపులముగ వ్రాసియున్నారు. ఆ సెట్టిగారి అంగడిలో ఒక మూల కూర్చుండి చిట్టా వ్రాసిన గుమాస్తాను గూర్చి గాని, గజకోలతో బట్ట కొలిచి చింపి యిచ్చిన కుఱ్ఱవానిని గూర్చి గాని వ్రాసినవారు అరుదు. మన కుటుంబములలో దండనాయకుల సంతతివారు ఎందరున్నారో చెప్పజాలము గాని, అంగడిలో జీతమునకు కుదిరి ఆయువంతయు వెళ్లబుచ్చినవాడు ఒక్కడైనను లేని యిల్లు తక్కువ.

అట్టివాని జీవితమున అన్నిటికంటె భయంకరమైన దినము ఒకటి కలదు. అది లెక్క సరిపోని దినము. గల్లాపెట్టెలో రొక్కము తక్కువయ్యెను. లేక నిలువలో సరకు తక్కువయ్యెను. అంగడిలో నలుగురున్నారు. నలుగురి ముఖములను యజమాని మార్చి మార్చి చూచును. ఆ చూపుతో ప్రారంభమగు వ్యవహారము ఎట్లు నడువవలెను? అనుమానమునకును నేరమునకును నడుమ హద్దు ఎక్కడ? ఈ ప్రశ్న మన దేశమున ఎంత పురాతనమైనదో, దానికి కాలక్రమమున ఎట్టి సమాధానములు ఏర్పడినవో సంగ్రహముగ పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. బడిపంతులునైన నాకు ఈ విషయముతో పనియేమి యను సందేహము కలుగవచ్చును. దానికి కారణమును వ్యాసాంతమున విన్నవించెదను.

కొయ్యపెట్టె

కౌటిల్యుని అర్థశాస్త్రము తాళపత్రప్రతి మైసూరులో లభింపగా, ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో ప్రకటించిరి. ఆ గ్రంథమున రాజుగారి సరకును అమ్ము పనివారిని గూర్చి చిన్న నియమమొకటి కలదు. వారు అమ్మగా వచ్చిన మూల్యమును ఒక కొయ్యపెట్టెలో వేయవలెను. ఆ పెట్టె మూతకు ఒకే రంధ్రముండవలెను. పగటి ఎనిమిదవ భాగమున, అనగా ప్రొద్దుగ్రుంకు వేళకు, ఎంత అమ్ముడుపోయినదో ఎంత మిగిలినదో చెప్పి, పెట్టెను, మిగిలిన సరకును, తూకపు రాళ్లను, కొలపాత్రలను పణ్యాధ్యక్షునకు ఒప్పగింపవలెను.

ఈ నియమమున గమనింపదగిన సూక్ష్మము కలదు. పనివాడు మంచివాడా, చెడ్డవాడా యను విచారము ఇందు లేనేలేదు. పెట్టెలోనికి సొమ్ము పోవుటకు దారి యున్నది. అమ్మువాని చేతికి తిరిగి వచ్చుటకు దారి లేదు. ప్రతిదినము లెక్క ఆనాడే ముగియును గనుక, పోయినది యేనాడు పోయెనో తెలియక నెలల తరువాత ఎవనినో పట్టుకొనవలసిన అవసరము రాదు. ఈ కట్టుబాటు యజమాని సొమ్మును కాపాడుచున్నది. నిర్దోషియైన పనివానిని అనుమానమునుండియు కాపాడుచున్నది.

కౌటిల్యుడు మనుష్యస్వభావము నెఱుగనివాడు కాడు. అధికారులు ధనమపహరించు ఉపాయములు నలువది యని లెక్కించి చెప్పినవాడాయన. అయినను నేరము తెలిపినవాని మాటనే ప్రమాణముగ గ్రహింపుమని ఆయన చెప్పలేదు. అపహరణమును బయటపెట్టి నిరూపించినవానికి ఆ ధనములో ఆఱవ పాలును, నిరూపించినవాడు జీతగాడైనచో పండ్రెండవ పాలును ఇప్పించెను. నిరూపింపలేకపోయినచో చెప్పినవానికే దండన విధించెను. అంగడిలో ఒకనిపై ఒకడు చాడీలు చెప్పి యజమాని మెప్పు సంపాదించు అలవాటు నేటిది కాదని దీనివలన ఊహింపవచ్చును. ఇతరుల సరకును తెచ్చి చిల్లరగ అమ్మువారి విషయమునను ఆయన న్యాయము చూపెను. నమ్మదగినవారని పేరుపొందినవారి చేతిలో సరకు ఆకస్మికముగ నశించినచో వారు దాని వెలయైనను ఇయ్యనక్కఱలేదు. నష్టము వేఱు, దొంగతనము వేఱు అను వివేకము ఇందు స్పష్టము.

మాండవ్యుని సాక్ష్యము

అనుమానితుని ప్రశ్నించు విధమును కౌటిల్యుడు ప్రత్యేక ప్రకరణమున చెప్పెను. సొమ్ము పోగొట్టుకొన్నవాని యెదుటను, సాక్షుల యెదుటను, అనుమానితుని ఊరు, పేరు, వృత్తి, ఆస్తి, సహవాసము, నివాసము అడుగవలెను. ముందటి దినమున ఏమి చేసెను, రాత్రి ఎక్కడనుండెను అని అడుగవలెను. అతని మాటలను ఇతరుల మాటలతో సరిచూడవలెను. అవి సరిపోయినచో అతడు నిర్దోషి. దొంగతనము జరిగి మూడు రాత్రులు గడచిన పిమ్మట, పనిముట్లవంటి ఆధారము కనబడిననే తప్ప, కేవలము అనుమానముతో ఎవనినీ పట్టరాదు. ఏలయన అన్ని దినములు గడచిన తరువాత ప్రశ్నించి నిజము తేల్చుట అసాధ్యము. దొంగ కానివానిని దొంగ యన్నవానికి దొంగకు పడు దండనయే పడును.

అదే ప్రకరణమున చిత్రహింసకును ఆయన చోటిచ్చెనన్న సత్యమును దాచరాదు. కాని దోషము బలముగ పొడకట్టినవాని విషయమున మాత్రమే అది పనికివచ్చునని చెప్పి, బాలురను, వృద్ధులను, రోగులను, ఆకలిదప్పులతోనున్నవారిని, మార్గాయాసముతో డస్సినవారిని దానినుండి తప్పించెను. వెంటనే ఒక హెచ్చరికను జోడించెను: దొంగ కానివాడును బాధకు వెఱచి దొంగనని ఒప్పుకొనును. దీనికి దృష్టాంతముగ మాండవ్యుని పేరు చెప్పి, కనుక సంపూర్ణమైన ఆధారములతోనే దోషమును నిర్ణయింపవలెనని నియమించెను.

మాండవ్యుని కథ మనకు కొత్తది కాదు. నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వమున అది కలదు. దొంగలు సొమ్మును ముని ఆశ్రమమున దాచిరి. రాజభటులు వచ్చి అడిగిరి. మౌనవ్రతమున నున్న ముని బదులు పలుకలేదు. ఆయన మౌనమునే నేరముగ గ్రహించి శూలమున గ్రుచ్చిరి. తరువాత రాజు వచ్చి క్షమాపణ వేడెను గాని, శూలపు మొన మాత్రము శరీరమున నిలిచిపోయెను. అందుచేతనే ఆయనకు అణిమాండవ్యుడను పేరు వచ్చెను.

రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక విశేషము గోచరించుచున్నది. అర్థశాస్త్రమున మాండవ్యుడు భయముచే ఒప్పుకొన్నవాడు. భారతమున మౌనముగ నున్నవాడు. ఒప్పుకొన్నను శిక్షయే, ఊరకున్నను శిక్షయే. విచారించువాడు ముందుగనే నిశ్చయించుకొన్నప్పుడు నిర్దోషికి మాటయు అక్కఱకు రాదు, మౌనమును అక్కఱకు రాదు. శూలపు మొనను గూర్చిన కథాంశము కేవలము పురాణకల్పన యని త్రోసివేయదగినది కాదు. నిర్దోషియని తేలిన తరువాతను దొంగ యను మాట మనుష్యుని శరీరమున ఎట్లు నిలిచిపోవునో ఎఱిగినవాడే దానిని చెప్పియుండవలెను.

బియ్యపుగింజలును కర్పూరమును

సాక్షులు గాని లిఖితము గాని లేనప్పుడు ధర్మశాస్త్రకారులు దివ్యములను ఆశ్రయించిరి. యాజ్ఞవల్క్యుడు త్రాసు, అగ్ని, జలము, విషము, కోశము అను ఐదింటిని పేర్కొనెను. ఇతర స్మృతికారులు చెప్పిన తండులదివ్యము, అనగా బియ్యపుగింజల పరీక్ష, చౌర్యమునకు మాత్రమే ఉద్దేశింపబడినది. అనుమానితుడు బియ్యము నమిలి ఉమియవలెను. నెత్తురు కనబడినను, దవుడలు వణకినను అతడు దోషి. భయపడువాని నోరు ఎండిపోవునను లోకానుభవమే దీనికి మూలమని తోచుచున్నది. కాని భయపడువాడెల్ల దొంగ కాడు. యజమాని యెదుట నిలువబడిన పేదవానికి నోరు ఎండుటకు నేరమే యుండనక్కఱలేదు.

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. తిక్కన సమకాలికుడైన కేతన 13వ శతాబ్దమున దాని ననుసరించి విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రమును తెనుగున పద్యములలో రచించెను. ఆ స్మృతిలో మోతగాని విషయమున చెప్పిన సూత్రము మన ప్రశ్నకు దగ్గఱగ నున్నది. రాజువలన గాని దైవవశమున గాని కాక పోయిన సరకును మాత్రమే మోతగానిచేత ఇప్పింపవలెను. చేతిలోనుండి పోయినదంతయు చేతివాడే తీర్చవలెనను మొండివాదమునకు స్మృతికారులు ఒడబడలేదని తెలియుచున్నది.

దివ్యములు పోయినను వాని నీడ పోలేదు. దేవుని యెదుట ప్రమాణము చేయించుట మన పల్లెలలోను అంగళ్లలోను చిరకాలము నడచినది. చిత్తూరు జిల్లాలోని కాణిపాకము ఇట్టి ప్రమాణములకు ప్రసిద్ధమైన క్షేత్రము. కోనేట మునిగి వరసిద్ధి వినాయకుని యెదుట ప్రమాణము చేసినవాడు అసత్యమాడజాలడని విశ్వాసము. సరిహద్దులకు ఈవల నుండు మన తెలుగువారికిని ఆ విశ్వాసము తెలిసినదే. అంగడిలోని దేవుని పటము ముందు కర్పూరము వెలిగించి, దానినార్పి ఒట్టు పెట్టుమనుట దీనికి చిన్నరూపము. ఈ ఆచారమున ఒక మంచి యున్నది: ప్రమాణము చేసినవానిని అంతటితో విడిచిపెట్టుదురు, వ్యవహారము ముగియును. ఒక చెడుగును ఉన్నది: ప్రమాణము చేయుమని అడిగిననాడే అతడు నలుగురిలో సగము దొంగ యైపోవును.

కంపెనీ గుమాస్తాలు, శిక్షాస్మృతి

చెన్నపట్టణమున తెలుగు వర్తకులతోను దుబాషీలతోను వ్యాపారము సాగించిన ఈస్టిండియా కంపెనీకిని ఈ ప్రశ్న తప్పలేదు. 1744లో రాబర్టు క్లైవు ఈ పట్టణమునకు రైటరుగ వచ్చినప్పుడు రైటరు జీతము ఏడాదికి ఐదు పౌనులు. ఆ జీతముతో ఎవడును జీవింపజాలడని కంపెనీకి తెలియును. సొంత వ్యాపారముతోను ఇతర మార్గములతోను ఉద్యోగులు సంపాదించుకొనుచుండగా చూచీచూడనట్లూరకుండి, నష్టము మితిమీఱిన తరువాత మేల్కొనెను. తుదకు కార్న్‌వాలిస్ కాలమున జీతములు పెంచి సొంత వ్యాపారమును నిషేధింపవలసి వచ్చెను. చాలని జీతమిచ్చి సొమ్ము చేతికప్పగించుట యజమాని చేయు మొదటి తప్పు అను పాఠమును ఇంత పెద్ద అంగడియు ఆలస్యముగనే నేర్చుకొనెను.

చెన్నరాజధానిలో శిస్తు రాబట్టుటకును, నేరము ఒప్పించుటకును క్రింది యుద్యోగులు ప్రజలను హింసించుచున్నారని ఆక్షేపణలు రాగా ఒక విచారణసంఘము నియమింపబడినది. 1855లో ప్రకటింపబడిన ఆ సంఘమువారి నివేదిక కొయ్యల నడుమ వ్రేళ్లను నొక్కు కిట్టి మొదలగు హింసాసాధనములను పేర్కొని, ఆక్షేపణలు సత్యములని తేల్చెను. ఐదేండ్లకే, 1860లో, ఇండియన్ పీనల్ కోడ్ ఏర్పడినది. మన విషయమునకు సంబంధించిన రెండు ముఖములు అందు కలవు.

మొదటిది పనివానివైపు తిరిగిన ముఖము. సామాన్యమైన దొంగతనమునకు గరిష్ఠశిక్ష మూడేండ్లు కాగా, గుమాస్తా గాని సేవకుడు గాని యజమాని సొత్తును దొంగిలించినచో 381వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వఱకు శిక్ష. అప్పగించిన సొత్తును కాజేసినచో 408వ సెక్షను ప్రకారమును అంతే. నమ్మిక ద్రోహమును శాసనము అంత గట్టిగ పట్టించుకొన్నది.

రెండవది యజమానివైపు తిరిగిన ముఖము. దీనిని మన వర్తకులు అంతగ చదివినట్లు కనబడదు. నేరము ఒప్పించుటకు గాని సొత్తు రాబట్టుటకు గాని ఎవనినైనను గదిలో నిర్బంధించినచో 348వ సెక్షను ప్రకారము మూడేండ్ల వఱకు శిక్ష. అందుకై గాయపఱచినచో 330వ సెక్షను ప్రకారము ఏడేండ్ల వఱకు శిక్ష. పోలీసువారికి మాత్రమే కాదు, ఎవరికైనను ఇది వర్తించును. 1872 నాటి సాక్ష్యచట్టము మఱొక యడుగు ముందునకు వేసి, అధికారస్థానమున నున్నవారు బెదిరించి గాని ఆశపెట్టి గాని చెప్పించుకొన్న ఒప్పుకోలు క్రిమినలు విచారణలో చెల్లదనెను. మాండవ్యుని కథలోని నీతి ఈ విధముగ శాసనరూపము దాల్చెనని చెప్పవచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి పీనల్ కోడ్ స్థానమున భారతీయ న్యాయ సంహితయు, సాక్ష్యచట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమమును అమలులోనికి వచ్చినవి. సెక్షనుల సంఖ్యలు మాఱినవి గాని పై సూత్రములు మాఱలేదు.

1947 నాటి చట్టము

ఇంతవఱకు చెప్పినది నేరవిచారణను గూర్చి. కాని అంగడి వ్యవహారములు నూటికి తొంబది కోర్టునకు పోవు. యజమాని రేపటినుండి రావద్దనును. పనివాడు తలవంచుకొని పోవును. పోలీసు రిపోర్టు ఇయ్యకుండుటయే గొప్ప దయయని ఇరువురును తలంతురు. ఈ ఒక్క మాటతో బ్రతుకు పోవు పద్ధతిని ఆపినది 1947 నాటి మద్రాసు షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టము.

ఆ చట్టము 41వ సెక్షను సారమిది. ఆఱు నెలలకు తగ్గకుండ ఎడతెగక పనిచేసినవానిని సహేతుకమైన కారణము లేక, ఒక నెల ముందుగ తెలుపక, లేక నెల జీతమీయక తొలగింపరాదు. దుష్ప్రవర్తన యను ఆరోపణపై నోటీసు లేకయే తొలగింపవచ్చును గాని, ఆ ఆరోపణకొఱకే విచారణ జరిపి, అందు నమోదైన తృప్తికరమైన సాక్ష్యముండవలెను. తొలగింపబడినవాడు నియమితాధికారికి అప్పీలు చేసికొనవచ్చును. జీతమునుండి కోతలను గూర్చియు ఆ చట్టము హద్దులు పెట్టెను. ప్రత్యేకముగ తనకప్పగింపబడిన సరకు తన అజాగ్రత్తవలననే పోయినప్పుడు, సంజాయిషీ చెప్పుకొను అవకాశమిచ్చిన తరువాతనే, పోయినంతకు మించకుండ కోయవచ్చును. నాలుగు బల్లల సరకులో ఏదో పోయెనని నలుగురి జీతములలో సమానముగ కోయుట దీనివలన చెల్లదు. మోతగానిని గూర్చి స్మృతి చెప్పిన సూత్రమును ఇచ్చట మరల చూచుచున్నాము.

ఈ చట్టము ఉమ్మడి మద్రాసు రాష్ట్రమునకు సంబంధించినది గనుక 1953లో ఆంధ్రరాష్ట్రము విడివడిన తరువాతను అక్కడ నడచినది. ఆంధ్రప్రదేశమున 1966లోను, మరల 1988లోను వేఱు చట్టములు వచ్చినవి. తమిళనాట 1947 చట్టమే పలు సవరణలతో నిలిచియున్నది. కర్ణాటకమున 1961 నాటి చట్టము 39వ సెక్షను ఇట్టి రక్షణనే కల్పించినది. హోసూరులో నివసించి బెంగుళూరులో అంగడిపని చేయు మన పిల్లలకు సరిహద్దుకు ఇరువైపుల ఒకే న్యాయము కలదని దీని తాత్పర్యము.

ఇంటి విచారణ కోర్టు విచారణవంటిది కాదు. సందేహమునకు తావులేని ఋజువు అక్కడ అక్కఱలేదు, సంభావ్యత చాలును. ఈ మాట యజమానులకు అనుకూలమే. కాని అది పేరునకు మాత్రము జరిగినచో నిలువదని కోలారు బంగారుగనుల వ్యాజ్యమొకటి చాటినది. అది అంగడి వ్యవహారము కాకపోయినను, మన తెలుగువారు తరతరములుగ పనిచేసిన చోటు గనుక ప్రస్తావించుచున్నాను. 1985లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థకు చెందిన ఒక భద్రతాధికారి యింట బంగారము దొరికెనని అతనిని సస్పెండు చేసిరి. జీవనభృతి ఇయ్యలేదు. డబ్బులేక అతడు విచారణకు హాజరు కాలేకపోయెను. అతడు లేకయే విచారణ ముగించి 1986లో తొలగించిరి. 1987లో క్రిమినలు కోర్టు, సోదాయు సొత్తు దొరికెననుటయు ఋజువు కాలేదని, అతనిని నిర్దోషిగ విడిచెను. తుదకు 1999లో సుప్రీముకోర్టు, అవే సంగతులపై ఆధారపడిన తొలగింపు చెల్లదనియు, తిండికి లేకుండచేసి విచారణకు రమ్మనుట విచారణ కాదనియు తీర్మానించెను. తీర్పు వచ్చువఱకు పదునాలుగేండ్లు గడచినవి. రెండేండ్లకు గనులే మూతపడినవి.

గంటకొట్టు పెట్టె

యంత్రయుగమున ఈ సమస్య క్రొత్తరూపము దాల్చెను. అమెరికాలోని డేటన్ నగరమున జేమ్స్ రిటీ యను పానశాల యజమాని, పనివారు సొమ్ము కాజేయుచున్నారను అనుమానముతో వేగి, ఓడలో చక్రభ్రమణములను లెక్కించు యంత్రమును చూచి స్ఫూర్తిపొంది, సోదరునితో కలిసి 1879లో నగదు లెక్కించు యంత్రమునకు పేటెంటు పొందెను. లంచమునకు లొంగని గుమాస్తా యని దానికి పేరుపెట్టిరి. తరువాత అట్టి యంత్రములకు గంట చేరినది. పెట్టె తెఱచినప్పుడెల్ల గంట మ్రోగును. యజమాని ఎక్కడనున్నను వినును. ఇది కౌటిల్యుని కొయ్యపెట్టెకు నాలుక వచ్చుట వంటిది.

అదే అమెరికాలో మఱొక యంత్రమును పెరిగినది. పనివాని నాడిని, ఊపిరిని, చెమటను కొలిచి అబద్ధము పట్టుదుమను యంత్రమది. అంగళ్లవారు దానిని ఉద్యోగులపై విరివిగ ప్రయోగించిరి. 1988లో ఆ దేశపు కాంగ్రెసు చట్టము చేసి ప్రైవేటు యజమానులు దానిని వాడుటను చాలవఱకు నిషేధించెను. జరిగిన నష్టమును గూర్చి విచారణ నడచుచు, ఫలానివానిపై అనుమానమునకు తగిన కారణమున్నప్పుడే కట్టుబాట్లతో అనుమతించెను. మన దేశమున 2010లో సుప్రీముకోర్టు, కర్ణాటక రాష్ట్రము ప్రతివాదిగ నున్న వ్యాజ్యమున, సమ్మతి లేక ఇట్టి పరీక్షలు చేయరాదని తీర్పు చెప్పెను. బియ్యపుగింజల దివ్యమునకును ఈ యంత్రమునకును నడుమ వేయియేండ్ల దూరమున్నను మూలసూత్రమొక్కటే: భయమును చూచి నేరమనుట.

ఈ రెండు యంత్రములను పోల్చినచో మన చరిత్ర అంతటి సారము తెలియును. ఒకటి సొమ్మును లెక్కించును; రెండవది మనుష్యుని అనుమానించును. మొదటిది అన్ని అంగళ్లలోను నిలిచినది. రెండవదానిని శాసనములు అడ్డగింపవలసి వచ్చినది. నేటి కెమెరాలును, సరకుపై అంటించు గీతల చీట్లును మొదటి తెగకు చెందినట్లే వాడినచో మేలు చేయును. లెక్క వ్రాయుటలో జరిగిన పొరపాటును కప్పిపుచ్చి, తెరమీద కనబడిన యెవనినో పట్టుకొనుటకు వాడినచో అవియు రెండవ తెగలోనివే యగును.

ఒక శిష్యురాలి సంగతి

ఇక నా కథ. నేను సరిహద్దు తాలూకాలో అల్పసంఖ్యాక భాషాపాఠశాలలో తెలుగు చెప్పువాడను. పదవ తరగతి ముగిసిన మా పిల్లలలో పలువురు పట్టణములలోని బట్టల అంగళ్లలో చేరుదురు. వారికి తెలుగు వచ్చును, తమిళము కొంత వచ్చును, కన్నడము మాటలాడుదురు. ఇంగ్లీషు అక్షరములు కూడబలుకుకొందురు. కొన్ని యేండ్ల క్రిందట అట్టి శిష్యురాలొకతె ఒకనాటి యుదయమున తల్లితోకూడ మా బడికి వచ్చినది. ఆమె పనిచేయు అంగడిలో నిలువ సరిచూడగా మూడు పట్టుచీరలు తక్కువ వచ్చినవట. ఆ బల్లకడ పనిచేసిన ఐదుగురు ఆడపిల్లలను రాత్రి తొమ్మిది దాటువఱకు లోపలి గదిలో కూర్చుండబెట్టిరి. ఎదుట ఒక కాగితముంచిరి. అది ఇంగ్లీషులో నున్నది. తక్కిన నలుగురితోపాటు ఈమెయు వ్రాలు చేసినది. ఆ నెల జీతము లేదు, పనియు లేదు.

అందేమి వ్రాసియుండెనని అడిగితిని. ఆమె చెప్పిన మాట నేటికిని నా చెవిలో నున్నది: "చదివేకి ఇయ్యలే సార్. ఈడ సంతకం పెట్టమనిరి, పెడ్తిని."

ఆ కాగితము చీరలను తామే తీసికొంటిమను ఒప్పుకోలని తరువాత తెలిసినది. పదేండ్లు నాయొద్ద చదివిన పిల్ల అది. పద్యము ఒప్పగించుటలో తరగతిలో మొదటిది. ఆమెకు ఛందస్సు నేర్పితిని. చదువని కాగితముపై వ్రాలు చేయరాదని నేర్పలేదు.

జరిగినదంతయు తేదీలతో తెలుగున ఆమెచేత వ్రాయించి, తమిళమునకు మార్చి, కార్మికశాఖ కార్యాలయమునకు పోవుదమని సిద్ధపడితిమి. పోవలసిన పని లేకపోయినది. రెండు వారములకు ఆ మూడు చీరలు అదే యజమాని మఱొక అంగడిలో కనబడినవి. పండుగ రద్దీలో అక్కడికి పంపి చీటి వ్రాసిరి గాని పుస్తకమున ఎక్కింపలేదు. కౌటిల్యుడు చెప్పినట్లు ఆనాటి లెక్క ఆనాడే ముగించియున్నచో ఈ కథయే లేదు. జీతము పంపిరి. క్షమాపణ రాలేదు. వ్రాలు చేసిన కాగితమును తిరిగి ఇయ్యలేదు. ఊరిలో మాత్రము ఆ పిల్ల పేరు చెప్పినప్పుడు ఆ చీరల మాట చాలకాలము వినబడుచుండెను. మాండవ్యుని శూలపు మొన యెట్టిదో నాకు అప్పుడు తెలిసినది.

ఉపసంహారము

అంగడిలో పనివారు దొంగిలింపరని ఈ వ్యాసము చెప్పుటలేదు. నలువది ఉపాయములు లెక్కించిన కౌటిల్యుని యెదుట ఎవడును ఆ మాట అనజాలడు. రూపాయికి అణా లాభముతో బ్రతుకు చిన్న వర్తకుని నమ్మినవాడే ముంచినచో అతని కుటుంబము వీధిపాలగును. అతని కోపము సహజము. కాని కోపమునకును విచారణకును నడుమ రెండువేల యేండ్లుగ పెద్దలు కట్టుచు వచ్చిన గట్టు ఒకటి కలదు. లెక్కను ఆనాటికానాడు ముగింపుము. మనుష్యుని అనుమానించుటకు ముందు పుస్తకమును అనుమానింపుము. ఏది పోయెనో, ఏనాడు పోయెనో వ్రాతమూలముగ తెలిపి సంజాయిషీ అడుగుము. అతడు చెప్పినది సరిచూడుము. గది తలుపు మూయకుము. భయముతో చెప్పినదానిని సత్యమనకుము. తప్పు నీదని తేలినచో, ఏ నలుగురిలో దొంగ యంటివో ఆ నలుగురిలోనే కాదని చెప్పుము. ఇందులో తుదిది ఏ చట్టములోను లేదు. అదియే అన్నిటికంటె అవసరమైనదని నా అభిప్రాయము.

మన సంఘమున అంగడి యజమానులును కలరు, అంగడి పనివారును కలరు. ఒకే పెండ్లిపందిరిలో ఇరువురును ఒకే పంక్తిని భుజింతురు. కనుక ఈ మాటలు పరులకు చెప్పినవి కావు. పనివారి తల్లిదండ్రులకు ఒక్క మనవి: పిల్ల పనికి చేరునాడు నియామకపు కాగితము అడిగి తీసికొనుడు, జీతపు చీట్లు దాచుడు. ఉపాధ్యాయులకును ఒక్క మనవి. మా బడిలో ఆనాటినుండి తొమ్మిదవ తరగతి పిల్లలకు ఏటేట ఒక వారము వ్యాకరణము ఆపి దరఖాస్తు, రసీదు, సంజాయిషీ, రాజీనామా కాగితములను మూడు భాషలలో చదివించుచున్నాను. చివరి దినమున ప్రతి పిల్ల యెదుటను ఒక కాగితముంచి వ్రాలు చేయుమందును. మొదటి యేట ముప్పదిమందిలో ఇరువదియేడుగురు చదువకయే చేసిరి. ఇప్పుడు తలయెత్తి, ఇందేమున్నదని అడుగుచున్నారు.